శిబి త్రాసు – లాంగ్‌హోమ్ కొండ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

  

శిబిచక్రవర్తి కథ నెరుగనివారు ఈ సభలో నుండరు. డేగ తరుమగా పావురమొకటి వచ్చి రాజునొడిలో వ్రాలెను. రాజు దానికి అభయ మొసగెను. ఆ యభయమును లోకము కొనియాడును. తొడ కోసి త్రాసులో వేసిన త్యాగమును కొనియాడును. కాని ఆ కథలో డేగ చేసిన వాదమును జ్ఞప్తియం దుంచుకొనువారు కొలదిమంది. పావురము తనకు విధి యేర్పరచిన యాహారమనియు, అది తప్పిపోయినచో తానును తన పిల్లలును ఆకలితో నశింతుమనియు, ఒక ప్రాణమును కాచుటకై పెక్కు ప్రాణములను బలిచేయుట ధర్మము కాదనియు ఆ డేగ వాదించెను. రాజు ఆ వాదమును త్రోసిపుచ్చలేదు. డేగకు హక్కు కలదని యొప్పుకొని, ఆ హక్కునకు బదులుగా తన మాంసమునే తూచి యిచ్చెను. ధర్మసూక్ష్మ మిచ్చటనే యున్నది. బలవంతుడు తన మనసునకు నచ్చిన పక్షిని కాచుకొనవచ్చును. కాని దానికగు మూల్యమును డేగపై మోపరాదు, తానే చెల్లింపవలెను.

ఈ వ్యాజ్యమే బ్రిటను దేశపు కొండలమీద నూరేండ్లకు పైగా నడచుచున్నది. అచ్చటి పావురము పేరు గ్రౌస్. అచ్చటి డేగ పేరు హెన్ హారియర్. త్రాసు పట్టుకొన్నవారు మాత్రము చాలకాలము తమ తొడ ముట్టుకొనలేదు. డేగనే కోసి తక్కెడలో వేయుచు వచ్చిరి. దానిని మాన్పింప బూనినవారి యుద్యమమే నేటి ప్రసంగ విషయము.

మొదట ఆ దేశమును, ఆ పక్షులను గుర్తింపవలెను. ఉత్తర ఇంగ్లండునందును, స్కాట్లండునందును చెట్లులేని చలికొండలు విస్తారముగా కలవు. వాటిపై హెదర్ అను మోకాలెత్తు పొద దట్టముగా పెరుగును. వేసవి చివర కొండకొండంతయు ఊదారంగు పూలతో కప్పబడును. ఆ పొదలలో నివసించునది ఎర్ర గ్రౌస్. అది మన కౌజుపిట్టవలె నేలను తిరుగునదే, దానికంటె పెద్దది. హెదర్ లేత చిగుళ్లే దానికి ముఖ్యాహారము. బ్రిటను, ఐర్లండు ద్వీపములయందు తప్ప మరెచ్చటను ఇది పుట్టదు.

హెన్ హారియర్ మన మెరిగిన వంశములోనిదే. శీతకాలమున రాయలసీమ మెట్టలయందును, తెలంగాణ జొన్నచేలయందును, పంటమీదుగా మూరెడెత్తున రెక్కలు కదలింపక తేలిపోవుచు, ఎలుకలను మిడుతలను వెదకికొను సన్నని గద్దలు వచ్చును. వానిని మనవారు పిల్లిగద్ద లందురు. నంద్యాల ప్రాంతమునందలి రోళ్లపాడు గడ్డిమైదానము వాని రాత్రి మజిలీకి పేరుపొందినది. అవి ఉత్తరదేశముల నుండి చలికి తాళలేక వచ్చు జాతులు. హెన్ హారియర్ వానికి దాయాది. మగది బూడిదవన్నె తెలుపు, ఆడది గోధుమవన్నె. గూడు నేలమీదనే హెదరు పొదల నడుమ నుండును. మగపక్షి వేటను తెచ్చి ఆకాశమున జారవిడువగా, ఆడుపక్షి గూటినుండి లేచి, గాలిలో వెల్లకిల తిరిగి దానిని గోళ్లతో నందుకొనును. చూచినవా రెవ్వరును ఆ దృశ్యమును మరువజాలరు.

ఇక వేట. మన కావ్యములయందు మృగయావర్ణనములు కొల్లలు. అయినను నీతిశాస్త్రకారులు వేటను రాజుల సప్తవ్యసనములలో చేర్చిరి. పాండురాజునకును, దశరథునకును శాపములు వేటవలననే వచ్చెను. బ్రిటనులోని ఈ వేట మాత్రము వేటగాడు మృగమును వెదకికొని పోవునది కాదు. కూలివాండ్రు జెండాలు పట్టుకొని బారులు తీర్చి, కొండ యొకవైపునుండి పక్షులను తోలుకొని వత్తురు. రెండవవైపున రొమ్మెత్తు రాతిగోడల చాటున ధనవంతులు తుపాకులతో నిలిచి, తలలమీదుగా వేగముగా పోవు పక్షులను కాల్తురు. ప్రతి సంవత్సరమును ఆగస్టు 12వ తేదీన మొదలై డిసెంబరు 10వ తేదీతో ఈ వేటకాలము ముగియును. ఈ తేదీలను నిర్ణయించిన చట్టము 1831 నాటిది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ రైలుమార్గములు కొండలవరకు పోవుటయు, త్వరత్వరగా మందు దట్టింపదగిన కొత్త తుపాకులు వచ్చుటయు కలిసి ఈ వినోదమును వ్యాపారముగా మార్చెను. ప్రపంచ సంగ్రామము సాగుచున్న 1915 ఆగస్టు 12వ తేదీన లాంకషైరులోని యొక కొండపై ఎనమండుగురు తుపాకిదారులు ఒక్కదినమున 2,929 పక్షులను కాల్చిరి.

ఒక్కదినమున అన్ని పక్షులు దొరకవలెనన్నచో కొండపై ఎన్ని యుండవలెనో లెక్కించి చూడుడు. కోళ్లవలె గ్రౌసును దొడ్డిలో పెంచి వదలుటకు వీలులేదు, అది అడవిపక్షి. కావున కొండనే దొడ్డిగా మార్పవలసివచ్చెను. లేతచిగుళ్లకై హెదరును మడులు మడులుగా కాల్తురు. నక్కలను, ముంగిసవంటి చిన్న జంతువులను, కాకులను చంపుదురు. కిక్కిరిసిన గ్రౌసుల ప్రేగులలో ఏలికపాములు ప్రబలి, మందలు మందలుగా చచ్చుచుండగా 1905వ సంవత్సరమున ఆ వ్యాధిని గూర్చి విచారణ సంఘ మొకటి యేర్పడెను. అందు పనిచేసిన వైద్యుడు ఎడ్వర్డు విల్సను. తరువాత స్కాటు దొరతో దక్షిణధ్రువమునకు పోయి 1912లో మంచులో ప్రాణములు విడిచినవా డతడే. నేటికిని ఆ వ్యాధికై మందు పూసిన గులకరాళ్లను కొండలపై నుంచుదురు. గ్రౌసు అరుగుదలకై రాళ్లు మ్రింగు పక్షి కనుక మందు లోనికి పోవును. వినోదమునకై పెంచిన సమృద్ధికి ఇంత పరిచర్య కావలసివచ్చినది.

ఈ పద్దులో హారియరుకు చోటులేదు. వేటకై ఉంచిన పక్షిని అది తినును. తిన్న ప్రతి పిట్టయు ధనికుని తుపాకికి తగ్గిన పిట్టయే. కావున కొండకాపరులు దానిని కాల్చిరి, ఉచ్చులు పన్నిరి, గూళ్లను త్రొక్కిరి. 1900 ప్రాంతమునకు బ్రిటను ప్రధానభూమిపై ఆ జాతి దాదాపు పూర్తిగా నశించి, ఆర్క్నీ మొదలగు దూరద్వీపములయందు మాత్రమే మిగిలెను. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున కాపరులు సైన్యములోనికి పోగా, ఆ పక్షి మెల్లమెల్లగా మరల ప్రధానభూమికి వచ్చెను. 1954లో పక్షిరక్షణ చట్టము వచ్చెను. 1981లో మరింత గట్టి చట్టము వచ్చెను. హారియరును చంపుట నేరమయ్యెను. చట్టము పుస్తకములో నుండెను. తుపాకి కొండపై నుండెను. కొండపై సాక్షి యెవడు?

ఇచ్చట కొండకాపరిని గూర్చి యొకమాట చెప్పవలెను. అతడు జీతగాడు. అతడు కాపురముండు ఇల్లు సయితము ఆస్తిదారునిదే. వేటదినమున ఎన్ని పక్షులు పడినవను దానినిబట్టి అతని పనితనమును ఎంచుదురు. దొరికినచో శిక్ష అతనికి, వినోదము వేరొకరికి. అందుచేతనే స్కాట్లండు శాసనకర్తలు, 2012 జనవరి నుండి, పనివాడు చేసిన ఇట్టి నేరమునకు యజమానిని సయితము బాధ్యుని చేయు నిబంధనను అమలులోనికి తెచ్చిరి. మూలమును విడిచి కొమ్మను నరికిన లాభము లేదని గ్రహించుటకు అంతకాలము పట్టెను.

ఇక లాంగ్‌హోమ్ కథకు వత్తము. స్కాట్లండు దక్షిణపు సరిహద్దున లాంగ్‌హోమ్ అను చిన్న పట్టణము కలదు. జనము రెండువేలకు కొంచెము మించి యుందురు. దానిని ఆనుకొని బక్‌ల్యూ ప్రభువుల వంశమువారి వేటకొండ యుండెడిది. డేగ నిజముగా ఎంత తినుచున్నది? ఈ ప్రశ్నకు కోపముతో గాక కొలతతో ఉత్తరము చెప్పుటకై 1992 నుండి 1997 వరకు ఆ కొండపై పరిశోధన జరిగెను. నిబంధన యొక్కటే: చట్టమును తూచా తప్పక పాటింపవలెను, ఒక్క గద్దను సయితము ముట్టరాదు. ఆస్తిదారులు దానికి సమ్మతించి, చివరివరకు మాట నిలుపుకొనిరి. ఇది వారి గౌరవమునకు తగిన పని.

ఫలిత మేమయ్యెను? 1992లో గూడుకట్టిన ఆడు హారియర్లు రెండు. 1997 నాటికి అవి ఇరువది. గద్దలు గ్రౌసు పిల్లలను విరివిగా తినెను. గద్దలు లేనిచో శరత్కాలమున ఉండవలసిన గ్రౌసులలో సగమే మిగిలినవని పరిశోధకులు తేల్చిరి. వేట సాగలేదు, కాపరులకు పని పోయెను. గద్దను ప్రేమించువారికి ఇది చేదులెక్క. అయినను వారిలో వివేకవంతులు దానిని దాచలేదు. డేగ పావురమును తినదని శిబియు చెప్పలేదు గదా!

అయితే ఆ పరిశోధన మరియొక సంగతిని బయటపెట్టెను. అన్ని గద్ద లా కొండకు వచ్చుటకు కారణము గ్రౌసు కాదు. 1948 నుండి 1988 వరకు నలువదియేండ్లలో, గొర్రెల మితిమీరిన మేతవలన ఆ కొండపై హెదరు ప్రధానముగా నున్న భూమిలో దాదాపు సగము గడ్డిభూమిగా మారిపోయెను. గడ్డియు హెదరును కలిసినచోట చిట్టెలుకలును, చిన్న గడ్డిపిట్టలును హెచ్చును. హారియర్లు వానికొరకు వచ్చెను. వచ్చినపిమ్మట దొరికిన గ్రౌసుపిల్లను విడువలేదు. కొండను చెరపినది మనిషి మందలు. శిక్ష మాత్రము పక్షికి విధింపబడుచుండెను.

తరువాత 2008 నుండి పదియేండ్లపాటు అదే కొండపై రెండవ ప్రయత్నము జరిగెను. కాపరులను మరల నియమించి నక్కలను అదుపులో పెట్టిరి. హారియర్లకు గూటివద్దనే వేరు ఆహారము నుంచిరి. అవి గ్రౌసుపిల్లలను ముట్టుట చాలవరకు తగ్గెను. ఐనను తోలివేటకు చాలినన్ని గ్రౌసులు మరల రాలేదు. అనగా మితమైన సంఖ్యలో గ్రౌసులును గద్దలును కూడి బ్రతుకగలవు. కాని వేలసంఖ్యలో కాల్చు వేటయు, చట్టము పాటించుటయు, ఆ కొండపై కూడి బ్రతుకలేదు. ఉద్యమమునకు గట్టియూత ఈ యనుభవమువలననే లభించెను.

ఇతరత్ర ఏమి జరుగుచుండెనో శాస్త్రజ్ఞులు మరియొక ఉపాయముచేత కనిపెట్టిరి. గద్దపిల్లల వీపునకు మిక్కిలి తేలికయైన యంత్రమును కట్టి, ఉపగ్రహముల ద్వారా వాని జాడ తెలిసికొనసాగిరి. 2011లో బౌలండు అడవిలో పుట్టిన యొక ఆడుపక్షికి బెటీయని పేరు పెట్టిరి. 2012లో అది యార్కుషైరు వేటకొండపై చచ్చిపడి యుండగా యంత్రము జాడ చూపెను. విరిగిన కాలియెముకలో సీసపు ఆనవాలు కనుపడెను. 2019లో వెలువడిన యొక పరిశోధన, అట్లు యంత్రము కట్టిన 58 హారియర్ల గతిని పరిశీలించి, నూటికి 72 పక్షులు చట్టవిరుద్ధముగా చంపబడినవి లేదా చంపబడి యుండునని తేల్చెను. గ్రౌసు వేటకొండలమీద అవి చచ్చుటయో మాయమగుటయో ఇతరస్థలములకంటె పదిరెట్లు హెచ్చుగా సంభవించునని కూడ లెక్కించెను. స్కాట్లండు ప్రభుత్వము 2017లో ప్రకటించిన వేరొక నివేదికలో, యంత్రము కట్టిన 131 బంగారు గరుడపక్షులలో 41 అనుమానాస్పదముగా మాయమైనట్లు తెలియవచ్చెను. ఇంగ్లండులో మూడువందలకు పైగా హారియరు జంటలు బ్రతుకుటకు చాలిన భూమి యున్నదని లెక్కకట్టియుండగా, 2013లో ఒక్క గూటినుండియు పిల్ల ఎగురలేదు.

ఆ సున్నయే జనమును కదల్చెను. 2014 ఆగస్టు 10వ తేదీన, వేటకాలము తెరచుటకు రెండుదినముల ముందు, డెర్బీషైరు కొండల దిగువ జోరువానలో వందలమంది కూడి మొదటి హెన్ హారియరు దినమును జరిపిరి. పక్షిరక్షణ సంఘమునందు పెద్దకాలము పరిరక్షణాధికారిగా పనిచేసి విరమించిన మార్కు ఏవరీ అను ఆయన తోలివేటను నిషేధింపవలెనని గ్రంథము వ్రాసి, పార్లమెంటునకు మహజరు పెట్టెను. మొదటి మహజరులకు చాలినన్ని సంతకములు రాలేదు. ఆయన మానలేదు. 2016లో 1,23,077 మంది సంతకము చేసిరి. ఆ యేడు అక్టోబరు 31వ తేదీన పార్లమెంటు సభ్యులు విషయమును చర్చించిరి. ప్రభుత్వము నిషేధమునకు ఒప్పుకొనలేదు. 2019లో ఏవరీయు, క్రిసు పాకమ్, రూతు టింగే అనువారును కలిసి వన్యన్యాయ సంఘము నొకదానిని స్థాపించిరి. 2021లోను, 2025లోను అదే ప్రశ్న మరల పార్లమెంటు ముంగిటికి వచ్చెను, మరల తిరస్కృతమయ్యెను.

ప్రతిపక్షము వాదమును సయితము విననిదే తీర్పు చెప్పుట న్యాయము కాదు. వేటవలన మారుమూల గ్రామములకు కూలి దొరకుననియు, హెదరు కొండలు లోకమున అరుదు కనుక వానిని కాపాడుచున్నది తామే యనియు, నక్కలను కాకులను అదుపులో నుంచుటవలన నేలపై గూడుకట్టు కర్లూ, లాప్‌వింగ్ మున్నగు పక్షులు వృద్ధి పొందుచున్నవనియు ఆస్తిదారులు చెప్పుదురు. వీనిలో కడపటి మాట పెక్కుచోట్ల నిజమే. కూలి మాటయు కొట్టివేయదగినది కాదు. ఉద్యమకారులు అడుగునది మరొకటి. నేరము జరిగిననే గాని నిలువజాలని వృత్తి యుండినచో, దాని మేళ్ల పట్టికను ఎంత పొడుగున వ్రాసినను ఆ నేరము పద్దు మాసిపోవునా? జమను మాత్రమే చూపి ఖర్చును దాచిన చిట్టాను ఏ గ్రామస్థుడును అంగీకరింపడు.

ఉద్యమకారులలోను ఏకాభిప్రాయము లేదు. 1889లో టోపీల యీకలకై పక్షులను చంపుటను ఎదిరించిన స్త్రీలు స్థాపించిన బ్రిటిషు పక్షిరక్షణ సంఘము, నిషేధమునకు బదులు లైసెన్సు పద్ధతిని కోరెను: చట్టము మీరిన కొండకు వేటహక్కు రద్దు కావలెను. స్కాట్లండు శాసనసభ 2024లో అట్టి చట్టమునే చేసెను. నిషేధము కోరినవారు ఓడిరని పైకి తోచును. కాని వారి గట్టికేక లేనిదే ఈ నడిమిమార్గము సయితము తెరువబడి యుండునా యనునది ఆలోచింపదగినది. ఇంగ్లండులోను కొంత మార్పు కలిగెను. 2013లో సున్నయైన గూళ్లనుండి 2023లో 141 పిల్లలు ఎగిరెను. అయినను 2024లో ఆ సంఖ్య 80కి పడిపోయెను. కావలి సడలినచో పాతకథ మరల రాగలదు.

ఇక లాంగ్‌హోమ్ కొండ యేమయ్యెను? ఆస్తిదారులు దానిని అమ్మజూపిరి. ఒకనాడు వేటకూలికి పోయిన పట్టణపు జనమే కొనుటకు పూనుకొనిరి. రెండువేల జనమున్న ఊరికి లక్షల పౌనులు! చందాలు వేసికొనిరి, దేశ దేశములనుండి చిన్న చిన్న విరాళములు వచ్చెను, ధర్మసంస్థలును, ప్రభుత్వ భూనిధియు తోడ్పడెను. 2021లో ఐదువేల ఎకరములకు పైగాను, 2022లో మరి యంతయు కొనిరి. ఇప్పుడది టారసు లోయ ప్రకృతిరక్షిత భూమి. అచ్చట తోలివేట లేదు. బురదనేలలను బాగుచేయుదురు, దేశవాళి చెట్లు నాటుదురు, చూడవచ్చిన జనమునకు కొండను చూపుదురు. హారియర్లు గూళ్లు కట్టుచున్నవి. గ్రౌసులును కొన్ని యున్నవి. డేగ తన పాలు తినును, మిగిలినవి బ్రతుకును. మూల్యమును మనుషులే తమ జేబునుండి చెల్లించిరి. శిబి త్రాసు అచ్చట సరిగా తూగెను.

గ్రంథాలయ రజతోత్సవమున ఈ కథకు చోటేమని యెవరైన నడుగవచ్చును. ఆ ప్రాంతము మనవంటివారి ప్రాంతమే. లాంగ్‌హోమ్ సమీపమున వెస్టర్‌కర్కు గ్రామమున నీలాంజనపు గని కార్మికులు 1793లో తమకై గ్రంథాలయము నొకదానిని స్థాపించుకొనిరి. అచ్చటనే 1757లో గొర్రెలకాపరి యింట పుట్టిన తామసు టెల్ఫర్డు, వంతెనలు బాటలు కట్టుటలో జగత్ప్రసిద్ధుడై, 1834లో చనిపోవునపుడు వెస్టర్‌కర్కు గ్రంథాలయమునకును, లాంగ్‌హోమ్ గ్రంథాలయమునకును చెరి వేయి పౌనులు వ్రాసియిచ్చెను. ఆ లాంగ్‌హోమ్ గ్రంథాలయమున్న భవనముననే కాపురముండిన తపాలా బంట్రోతు కుమారుడు అచ్చటి పుస్తకములు చదివి చదివి, హ్యూ మెక్‌డయర్మిడ్ అను పేర స్కాట్లండు మహాకవి యయ్యెను. పుస్తకములకు ఊరుమ్మడి సొత్తు అను భావము రెండువందల యేండ్లనాడే అలవడినచోట, కొండకును అదే భావము పట్టుట వింత కాదు.

గ్రంథాలయ మనగా నేమి? ఒక్కడు కొని దాచుకొనదగినదానిని పదిమంది కలిసి కొని, పదిమందికి తెరచి యుంచుట. పుస్తకము నెవడు చదివినను అరగదు. కొండపై గద్ద యెగురుటను ఎందరు చూచినను తరుగదు. కాల్చినవానికి మాత్రము అది యొక్కసారియే.

వచ్చు శీతకాలమున మన జొన్నచేలపై పిల్లిగద్ద తేలిపోవునపుడు, దానిపై రాయి విసరబోవు బాలుని చేయి పట్టుకొని, ఈ గ్రంథాలయములోనికి తీసికొనివచ్చి, శిబికథను చదివి వినిపించుడు. రాజు త్యాగముతో ఆపక, డేగ వాదమును సయితము చదివి వినిపించుడు.

స్వస్తి.